ముందు సాలు ఎవరికి ఇవ్వాలి

మా తమ్ముడి కూతురు స్నేహ మార్కాపురంలో బీఎడ్ చదువుతోంది. పరీక్షల ముందు మా వసారాలో కూర్చుని పాఠాలు పైకి చదువుతుంది. పైకి చదవకపోతే దానికి ఎక్కదు. ఈ మధ్య చదివిన ఒక పాఠంలో మూర్తిమత్వం అనే మాట నాకు బాగా నచ్చింది. మనిషి గుణం పుట్టుకతోనే వస్తుందని కొందరు పెద్దలు చెప్పారట. కాదు, పెరిగిన చోటును బట్టి వస్తుందని ఇంకొందరు అన్నారట. చుట్టూ ఉన్నవాళ్లను చూసి మనిషి నడుచుకుంటాడని మరికొందరట. లోపలికి ముడుచుకునేవాళ్లు అంతర్ముఖులట, పదిమందిలో కలిసిపోయేవాళ్లు బహిర్ముఖులట.

"అత్తా, నువ్వు అంతమంది ఆడోళ్లను పన్లోకి తీసకపోయినావు గదా. ఈళ్లల్లో ఎవురు చెప్పింది నిజం?" అని అడిగింది.

"ఆ మూడు రకాలోళ్లూ మిరప చేన్లోకి వచ్చినట్టే ఉండారు. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో సాల్లో నిలబడి చూసినారు" అన్నాను.

అది నవ్వి, అయితే నువ్వు చూసింది రాయి అంది. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. రాసింది నేనే, తప్పులు దిద్దింది అది.

మా పుల్లలచెరువు, త్రిపురాంతకం ఊళ్ల నుంచి ఏటా ఆడవాళ్ల ముఠాలు మిరప కోతలకు గుంటూరు వైపు పోతాయి. ముఠా కట్టి, తీసుకుపోయి, కోత ముగిశాక అందరినీ ఇళ్లకు చేర్చే ఆమెను మేస్త్రమ్మ అంటారు. మోకాళ్లు ఒప్పుకున్నంత కాలం నేను ఆ పని చేశాను. ఇప్పుడు కొత్తగా ఆ పనిలోకి దిగుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కూలీ ఎట్లా మాట్లాడుకోవాలో, బండి ఎక్కడ దొరుకుతుందో మీ ఫోన్లకే నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేది ఓర్వలేనితనం గురించి. కాయ ఘాటు చేతులకు ఆముదం రాసుకుంటే తగ్గుతుంది. ఇది దేనికీ తగ్గదు. దీనితోనే పని చేయించాలి.

సుందరమ్మ పెద్దమ్మ

నాకు పని నేర్పింది సుందరమ్మ పెద్దమ్మ. మా చర్చి వెనక వీధి ఆమెది. కోపిష్టి మనిషి. అన్నం పెడుతూ కూడా తిట్టేది. అయితే పొద్దున చేను దగ్గరికి చేరగానే ఆమె నోరు ఆగిపోయేది. గట్టు మీద నిలబడి, ఎవరు ఏ సాలు, అంటే ఏ మిరప వరస, పట్టాలో ఆలోచించేది. తర్వాత వేలు పెట్టి చూపించేది.

"నువ్వీడ. నువ్వాడ. నువ్వు మాత్రం దాని పక్కకు పోబాకు."

అది పెత్తనం అనుకున్నాను మొదట్లో.

మా ముఠాలో రత్నమ్మ అనే ఆమె ఉండేది. వాళ్ల అత్త కూడా కోతకు వచ్చేది. అత్త పక్కన సాలు పడితే రత్నమ్మ చేతులు చచ్చుబడేవి. కాయ తొడిమ లేకుండా ఊడి వచ్చేది, కొమ్మలు విరిగేవి. "దాని చెయ్యే అంత" అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. పెద్దమ్మ ఒకరోజు అత్తను చేను ఆ చివరికి పంపి, రత్నమ్మను ముక్కూ మొహం తెలియని వేరే ఊరి పిల్లల మధ్య నిలబెట్టింది. మధ్యాహ్నానికి రత్నమ్మ వాళ్లందరికంటే ముందుంది. పైగా వాళ్లను నవ్విస్తోంది. ఆమెకు మాటలే రావని మేము అనుకుంటూ ఉన్నాం.

"ఇదేంది పెద్దమ్మా, ఈమె మన రత్నమ్మేనా?" అని అడిగాను.

"ఆమే. పక్కనోళ్లు మారినారు, అంతే. మనిషిని చూసి ఇది ఇట్లాంటిది అని పేరు పెట్టబాకు. ఎవురి పక్కన ఇట్లాంటిదో చూడు."

నేను ఆ మాట మీదనే అన్నేళ్లు బతికాను. అయినా పెద్దమ్మ చెప్పిందంతా ఒప్పుకోను. పక్క మార్చినా మారని మనుషులు కూడా ఉంటారు. గొర్రెలు కాసే వాళ్లింటి నుంచి వచ్చే లక్ష్మక్కను ఏ సాల్లో నిలబెట్టినా, ఎవరి పక్కన నిలబెట్టినా, నోరు అదే నోరు. పుట్టినప్పుడు కూడా ఏడవకుండా మంత్రసానిని ఎగతాళి చేసి ఉంటుంది.

వేగం ఎవరి చేతిలో ఉంటుంది

మాది రోజు కూలీ. ఎంత కోసినా కూలీ ఒకటే. అట్లాగని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కోయరు. కొత్తగా వచ్చిన పిల్ల ఒకతె హుషారుగా ముందుకు ఉరుకుతుంది అనుకోండి. లక్ష్మక్క నడుం ఎత్తకుండానే అంటుంది.

"ఏంది అమ్మాయ్, రైతు నిన్ను కోడల్ని చేసుకుంటానన్నాడా? అంత ఉరుకుతుండావు?"

సాలు సాలంతా నవ్వుతుంది. ఆ పిల్ల చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. మరీ వెనకపడిన ఆమెనూ వదలదు.

"వదినకు చెట్టు కింద చాప ఎయ్యండే. పాపం, అలిసిపోయింది."

ఆమె చెయ్యి వేగం అందుకుంటుంది. వేగంగా కొయ్యమని గానీ, నిదానించమని గానీ ఎవరూ చెప్పలేదు. నవ్వారు, అంతే. మనిషి దేనికైనా ఓర్చుకుంటుంది గాని, తనను విడిచిపెట్టి మిగతావాళ్లంతా కలిసి నవ్వితే ఓర్చుకోలేదు. ఈ ఎగతాళిని ఆపబోకండి. ముసలివాళ్లు, బాలింతలు మా ముఠాలో నెగ్గుకొచ్చింది దీనివల్లే.

ఇంకొక పద్ధతి ఉంది, అది మీరు తెలుసుకోవాలి. ముందు సాలు మేస్త్రమ్మది. ఆమె నాలుగు చెట్ల ముందు నడుస్తుంది. మిగతావాళ్లు కొంగల బారులాగా ఏటవాలుగా ఆమె వెనక వస్తారు. అయితే ముందు సాలు పట్టిన ఆమె కొంగు ఒడిలో కోసుకున్న కాయ ఆమెది కాదు. ఒడి నిండినప్పుడల్లా వెనక్కి వచ్చి, వెనకపడినవాళ్ల బస్తాల్లో పోస్తుంది. సాయంత్రం రైతు బస్తాలు చూస్తాడు. ఎవరి బస్తా వెలితిగా ఉంటే వాళ్లను తిడతాడు. ఆ తిట్టు తప్పించడానికి పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి ఇది. ముందు సాలు పట్టిన ఆమెకు తన బస్తా అంటూ ఉండదు. గౌరవం మాత్రం ఉంటుంది.

పెద్దమ్మ మంచం పట్టాక ఆ సాలు నాకు వచ్చింది.

మా తోడికోడలు

ఎస్తేరు మా మరిది పెళ్లాం. గిద్దలూరు అవతలి పల్లె పిల్ల. పెళ్లై వచ్చిన కొత్తల్లో దాని చేతి కూర తిని మా అత్త, "ఇదీ కూరంటే" అంది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో వంట నాది. నా కూర బాగుంటే మా అత్త మాట్లాడకుండా తినేది, బాగాలేనప్పుడే మాట్లాడేది. ఆ పూట నుంచి ఎస్తేరును చూస్తే నా కడుపులో మంట.

కోతలకు వచ్చాక చేన్లోనూ అంతే అయింది. చెయ్యి వేగం, మాట చల్లన. దాని నవ్వు వింటే పక్కవాళ్లకు ఎండ తెలిసేది కాదు. స్నేహ పుస్తకంలోని బహిర్ముఖి అంటే ఎస్తేరే. పొద్దున నేను సాళ్లు చూపించకముందే ఆడవాళ్లు తగువు పడేవాళ్లు.

"కరుణక్కా, నన్ను ఎస్తేరు పక్కన ఎయ్యి."

"నిన్న నువ్వే గదా ఆమె పక్కన. ఈ పొద్దు నేను."

నా పక్కన వెయ్యమని ఎవరూ అడగలేదు. మేస్త్రమ్మ పక్కన సాలు ఖాళీగా ఉంటే, నేనే ఎవరినో ఒకరిని పేరు పెట్టి పిలవాల్సి వచ్చేది. వాళ్లు కూడా కోస్తున్నంతసేపూ చెవి ఎస్తేరు వైపే పెట్టేవాళ్లు. ఇంట్లో అత్త దానిదైంది, చేన్లో ఆడవాళ్లు దానివాళ్లయ్యారు. నాకంటూ మిగిలింది ఆ ముందు సాలు ఒక్కటే.

స్టీలు బిందె

ఆ ఏడు మేము కోతకు పోయిన చేను రైతు పేరు సుబ్బయ్య. చెడ్డవాడు కాదు. తాగే నీళ్లకు, పడుకునే షెడ్డుకు లోటు రానివ్వలేదు. కాకపోతే ఎడ్ల పందేల పిచ్చి ఉన్న మనిషి. ఎద్దు పక్కన ఎద్దును కడితే ఉరుకుతుంది కాబట్టి మనుషులూ అంతే అనుకున్నాడు. ఒక పొద్దున స్టీలు బిందె ఒకటి తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"ఎవరి బస్తాలకు వాళ్లు గుర్తు గుడ్డ కట్టుకోండి. వారం తిరిగేటప్పటికి ఎవరు ఎక్కువ కోస్తే బిందె వాళ్లది. పై వారం ఇంకో బిందె" అన్నాడు.

ఆ పొద్దున లక్ష్మక్క నోరు మూతపడింది. దానికీ బిందె కావాలి. ఎగతాళి ఆగిపోయేసరికి వేగానికి కాపలా లేకుండా పోయింది. ఒకరిని చూసి ఒకరు ఉరికారు. పండుకాయతో పాటు పచ్చికాయ దూశారు. తొడిమలు ఊడాయి. తన సాలు వదిలి పక్క సాల్లో చెయ్యి పెట్టిందని ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. ఒకే పళ్లెంలో తిన్నవాళ్లే వాళ్లంతా.

వారం చివర బిందె ఎస్తేరుకు వచ్చింది. న్యాయంగానే వచ్చింది. అది నవ్వుతూ బిందెను తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టింది.

"అందరం దీంట్లోనే నీళ్లు తెచ్చుకుందాం అక్కా" అంది.

ఎవరూ ఆ బిందెను ముట్టుకోలేదు.

మర్నాడు ఎస్తేరు పక్కన వెయ్యమని ఎవరూ అడగలేదు. నీళ్ల చెంబు దాని దాకా వచ్చి, దాన్ని దాటుకుని అవతలికి పోయేది. అది ఏదైనా చెప్పబోతే, వింటున్నవాళ్లకు అప్పుడే వేరే పని గుర్తొచ్చేది. రెండు రోజులు ఓర్చుకుంది. తర్వాత నవ్వు పోయింది, మాట పోయింది. అన్నం పళ్లెం తీసుకుని గోడ వైపు తిరిగి తినసాగింది.

"చూసినారా, గెలిచినాక ఎంత గీర వచ్చిందో. మనతో మాట్లాడితే దాని నోరు అరిగిపోద్దేమో" అంది లక్ష్మక్క.

రైతు కూడా నాతో అన్నాడు. "ఆ పిల్ల గుణమే అంత, మేస్త్రమ్మా. ముభావం మనిషి."

అంతకుముందు వారమే, ఆ పిల్ల ఉంటే చేనుకు కళగా ఉందన్నది ఇతనే. చేసింది పదిమంది. పేరు వచ్చింది ఒక్కదానికి. అన్నేళ్లలో నేను చూసిన తప్పుల్లో దీన్ని మించింది లేదు. మనిషి చుట్టూ గోడ కట్టేసి, ఇదెవరితోనూ కలవదే అంటాం.

మరి నేనేం చేశాను అంటే, చూస్తూ ఉన్నాను. నాకు లోపల హాయిగా ఉంది. చాలా కాలానికి నా పక్క సాలు నిండింది.

రైతుతో మాట

ఒక మధ్యాహ్నం ఎస్తేరు నీళ్ల డ్రమ్ము దగ్గర నన్ను పట్టుకుంది.

"అక్కా, నేను ఇంటికి పోతా. బస్సు ఎక్కించు."

"ఏమైంది?"

"ఏం కాలా. ఎవురూ ఒక్క మాట గూడా అన్లేదు. తిట్టినా బాగుండు."

"నువ్వొక్కదానివి మధ్యలో పోతే ఇంటికాడ ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. ఇంక ఏ ముఠాలోకీ రాను. అయినా నేను పోయినంత మాత్రాన ఏం తీరద్ది? ఈ వారం బిందె ఇంకొకరికి వస్తది గదా. అప్పుడు ఆమెను ఏడిపిస్తారు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అది చెప్పింది నిజం. వారానికొకరిని వెలివేసుకుంటూ పోతే కోత ముగిసేసరికి ముఠా మిగలదు. ఊరికి పోయాక ఒకే వీధిలో, ఒకే చర్చిలో మొహాలు ఎట్లా చూసుకుంటారు? పెద్దమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన ముఠా అది.

రైతు దగ్గరికి పోయాను.

"అయ్యా, ఆ బిందె ఆపెయ్. మా ఆడోళ్లు చెడిపోతుండారు."

"నీకేంది నష్టం మేస్త్రమ్మా? కాయ బాగా దిగుతా ఉంది గదా."

"తొడిమ లేని కాయ దిగుతా ఉంది. పచ్చికాయ దిగుతా ఉంది. ఆరబోసినాక చూసుకో."

"ఆడోళ్ల కుళ్లు నా కళ్లంలోకి తేబాక. నలుగురిలో ఇస్తానని చెప్పిన వస్తువు, ఇయ్యకపోతే నాకు మర్యాదా?"

అతనికీ పదిమంది ముందు నిలబెట్టుకోవాల్సిన మాట ఒకటి ఉంది. దానికి నేను ఏం చెయ్యగలను? బిందె ఆగదు. ఎస్తేరు చెయ్యి వేగం తగ్గదు. దాన్ని చూసి వీళ్ల మంట చల్లారదు. ఈ మూడింటిలో ఏదీ నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది, ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఒక్కటే.

అప్పుడు నాకు తట్టిన ఉపాయం నాకే నచ్చలేదు. ఆ రాత్రంతా ఆ ఉపాయాన్ని పక్కకు తోశాను. వేరేది ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

అప్పగింత

మర్నాడు పొద్దున గట్టు మీద నిలబడి చెప్పాను.

"ఎస్తేరూ, ముందు సాలు నీది."

ముందు సాలు పట్టిన ఆమెకు బస్తా ఉండదు. బస్తా లేకపోతే బిందె పోటీలో లేనట్టే. దాని ఒళ్లో కాయ అంతా వెనకవాళ్లదే. ఏ చేతి వేగం చూసి వీళ్లకు కడుపు మండిందో, ఆ వేగం ఇక వీళ్ల బస్తాల్లోనే పడుతుంది. లక్ష్మక్కకు అది అందరికంటే ముందు అర్థమైంది. దాని మొహంలో చూశాను.

"మరి నువ్వు యాడ కరుణమ్మా?" అని అడిగింది.

"ఆమె యాడ చూపిస్తే ఆడ."

సాళ్లు చూపించేది ముందు సాలు పట్టిన ఆమే. మా తోడికోడలు గట్టెక్కింది. తర్వాత వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపించింది. నన్ను తన పక్క సాల్లో వెయ్యలేదు. ఒక సాలు అవతల వేసింది. మాట్లాడుకోవాలంటే దూరం, చూడకుండా ఉండాలంటే దగ్గర.

మొదటి ఒడి నిండగానే ఎస్తేరు వెనక్కి తిరిగింది. నడుం నొప్పితో చివర ఉన్న మరియమ్మ బస్తాలో పోసింది. రెండో ఒడి ఒక బాలింతకు. మూడోది తెచ్చి లక్ష్మక్క బస్తాలో వంచింది.

"నాకెందుకే? నేనేమన్నా వెనకబడినానా?" అంది లక్ష్మక్క.

"బిందె నీకే రావాలొదినా. నీ నోరు కడుక్కోడానికి చెంబు చాలట్లేదు" అంది ఎస్తేరు.

ముందు లక్ష్మక్కే నవ్వింది. తర్వాత సాలు సాలంతా నవ్వింది. నీళ్ల చెంబు వచ్చినప్పుడు లక్ష్మక్క దాన్ని తాగకుండా ముందు సాలుకు పంపింది.

ఆ వారం బిందె మరియమ్మకు వచ్చింది. నడుం పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి ఆమె బిందె అందుకుంటే, రైతు కాటా వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. మా ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఎవరికీ మంట పుట్టలేదు, ఆ కాయ ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి. మూడో బిందె సుబ్బయ్య తేలేదు. ఇస్తానన్నవి ఇచ్చినట్టే లెమ్మని ఊరుకున్నాడు.

ఒక సాలు అవతల

మంచి పని చేశావు, ఇక నీ మనసు చల్లబడి ఉంటుంది అని మీరు అనుకోవచ్చు. అట్లా జరగలేదు. ఒక సాలు అవతల నుంచి ఎస్తేరు వీపు చూస్తూ కోత ముగిసేదాకా కోశాను. అది ఒడి నింపుకుని వెనక్కి నడిచేది. అన్నేళ్లు నేను నడిచిన నడక అది. "ఎస్తేరక్కా, ఇటు రా" అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా చెయ్యి కాయ మీద గట్టిగా పడేది. దాని కంటే ముందు చెట్టు దాటాలి, దాని కంటే శుభ్రంగా కొయ్యాలి. నా బస్తాలు అందరికంటే నిండుగా ఉండేవి. ఒక్క తొడిమ ఊడలేదు. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ కోయలేదు. దాని మీద ప్రేమతో కోసింది కాదు అది.

మరుసటి ఏడు ముఠా కట్టేటప్పుడు ఆడవాళ్లు ముందుగా ఎస్తేరు గడప ఎక్కారు. నేను ఇంకా కొన్నేళ్లు పోయాను, ఆమె చూపించిన సాల్లో కోశాను. తర్వాత మోకాళ్లు పోయాయి.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మీ ముఠాలో ఓర్వలేని మనిషి తప్పకుండా ఉంటుంది. ఒక్కోసారి అది మీరే. ఆమెకు నీతులు చెప్పబోకండి, ప్రార్థన చేయించినా ఒక పూటే. ఆమె ఎవరిని చూసి ఓర్వలేదో కనిపెట్టండి. వాళ్లిద్దరినీ పక్కపక్కన వేస్తే కొట్టుకుంటారు. దూరంగా వేస్తే ఆమె మనసులో ఆ మంట పెరుగుతూ ఉంటుంది. ఒక సాలు వదిలి వెయ్యండి.

ఇది నేను కనిపెట్టింది కాదు. మొన్న కోతలకు బయలుదేరే ముందు ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. బండి ఇంకా రాలేదు. ఇద్దరం అరుగు మీద టీ తాగుతున్నాం. అన్నేళ్లూ అడగనిది అప్పుడు అడిగాను.

"ఆ పొద్దు నన్ను నీ పక్కన ఎందుకు ఎయ్యలా? ఆ సాల్లో ఎందుకు ఏసినావు?"

అది టీ ఊదుకుంటూ చెప్పింది.

"నన్ను చూస్తే నీకు మంట గదక్కా. పక్కన ఏస్తే నాతో మాట్లాడాల్సి వస్తది, నీకు కష్టం. చివరికి పంపితే ఏడుస్తావు. ఆడైతే బాగా కోస్తావనుకున్నా."

"నాకు మంటని నీకెప్పుడు తెలుసు?"

"కూర నాడే."

పెద్దమ్మ దగ్గర అన్నేళ్లు తిట్లు తిని నేర్చుకున్న విద్యను, ఇది గట్టెక్కిన మొదటి పొద్దునే నా మీద వాడింది. బండి వచ్చి హారన్ కొట్టింది. ఆడవాళ్లు వెనక నుంచి "ఎస్తేరక్కా" అని పిలుస్తున్నారు. గ్లాసు అరుగు మీద పెట్టి అది పరుగెత్తింది. టీ సగం మిగిల్చింది. చక్కెర నేను సరిగ్గానే వేశాను.